ఎత్తు ఎక్కేటప్పుడు తేలే లెక్క: ఇంట్లో కట్టుకునే మిడ్ డ్రైవ్ ఎలక్ట్రిక్ సైకిల్

సైకిల్, తొక్కే మనిషి, బ్యాటరీ, మోటార్ అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. ముందు ఒక ఎత్తు ఉంది, వంద మీటర్లు వెళ్తే ఎనిమిది మీటర్లు పైకి లేస్తుంది. ఆ బరువు వెనక్కి లాగే బలం 78 న్యూటన్లు, టైర్ రోడ్డు మీద దొర్లడానికి పోయేది ఇంకో 7, మొత్తం 85 వేసుకోవచ్చు. వెనక చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, అంటే రేడియస్ 33 సెంటీమీటర్లు, కాబట్టి చక్రం దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. గాలి సంగతి పక్కన పెడితే మెల్లగా ఎక్కినా జోరుగా ఎక్కినా ఈ 28 మారదు. మోటార్ చక్రంలోనే ఉంటే, అదే హబ్ మోటార్ అయితే, ఈ భారం మొత్తం దాని నెత్తినే పడుతుంది, తప్పించుకునే దారి లేదు. మిడ్ డ్రైవ్‌లో మోటార్ పెడల్స్ తగిలించి ఉండే క్రాంక్‌ని తిప్పుతుంది, క్రాంక్ చైన్‌ని లాగుతుంది, చైన్ గేర్ల మీదుగా చక్రానికి పోతుంది, అందుకే మోటార్ మీద ఎంత బరువు పడాలో మన చేతిలో ఉన్న గేర్ లీవర్ డిసైడ్ చేస్తుంది.

ముందు 32 పళ్ళ స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ళ చక్రం), వెనక 32 పళ్ళ గేర్ వేస్తే క్రాంక్ దగ్గర కూడా 28 న్యూటన్ మీటర్లే చాలు. అదే ఎత్తుని బద్ధకించి వెనక 11 పళ్ళ గేర్‌లోనే ఎక్కిస్తే క్రాంక్ దగ్గర 82 కావాలి, అంటే దాదాపు మూడు రెట్లు. మోటార్ టార్క్ కరెంట్‌ని బట్టి వస్తుంది, మోటార్ వైండింగ్‌లో పుట్టే వేడి మాత్రం కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి మూడు రెట్ల కరెంట్‌కి వేడి ఎనిమిది రెట్లు దాటుతుంది. అదే సైకిల్, అదే ఎత్తు, అదే మోటార్, ఒక గేర్ తేడాకి ఒకడి మోటార్ గోరువెచ్చగా ఉంటుంది, ఇంకొకడిది కాలిన వార్నిష్ వాసన కొడుతుంది. ఇంట్లో కట్టేవాళ్ళు ఎక్కువమంది మోటార్ ఎన్ని వాట్స్ అన్న దగ్గరే ఆగిపోతారు గానీ మిడ్ డ్రైవ్ మంచిచెడులు తేలేది మోటార్ నుంచి చక్రం దాకా ఉన్న పళ్ళ లెక్కలోనే.

ఈ ఐడియా కొత్తది కూడా కాదు. 1895లో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనక చక్రం హబ్‌లో మోటార్ పెట్టి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు, 1897లో బోస్టన్‌కి చెందిన హోసియా లిబ్బీ మోటార్‌ని క్రాంక్ దగ్గరికి తెచ్చాడు. అంటే హబ్బా మిడ్డా అనే గొడవ అప్పుడే మొదలైంది. అయితే షాపులో కొనుక్కునే సరుకుగా మిడ్ డ్రైవ్ బాగా తెలిసింది 1993లో యమహా పాస్ సైకిల్‌తో, పెడల్ మీద కాలు ఎంత గట్టిగా నొక్కుతుందో చూసి దాన్ని బట్టి మోటార్ సాయం చేసే పద్ధతి అందులోనే వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో కట్టడానికి వద్దాం. మనిషి కాళ్ళు హాయిగా తిరిగేది నిమిషానికి 60 నుంచి 90 సార్లు, మామూలు బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటార్ తిరిగేది వేలల్లో, ఈ రెండింటినీ కలపడమే అసలు పని. ఉదాహరణకి వోల్ట్‌కి 80 చుట్లు తిరిగే మోటార్ తీసుకుంటే 36 వోల్ట్స్ దగ్గర లోడ్ లేకుండా 2880 చుట్లు, లోడ్ పడ్డాక అందులో ఎనభై శాతం అనుకుంటే 2300. దాన్ని 77కి దించాలంటే 30కి 1 రిడక్షన్ కావాలి. ఒక్క చైన్‌తో 30 రెట్లు దించడం కుదిరే పని కాదు, చిన్న స్ప్రాకెట్ 10 పళ్ళు అయితే పెద్దది 300 పళ్ళు అవ్వాలి, అది చక్రమంత ఉంటుంది. అందుకే రెండు స్టేజీలు, ముందు మోటార్‌కే తగిలించిన ప్లానెటరీ గేర్‌బాక్స్‌తో 5 రెట్లు, తర్వాత 12 పళ్ళ నుంచి 72 పళ్ళకి చైన్ వేసి ఇంకో 6 రెట్లు. 8 మిల్లీమీటర్ల పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) ఉన్న చైన్ వాడితే ఆ 72 పళ్ళ స్ప్రాకెట్ 18 సెంటీమీటర్ల డయామీటర్ వస్తుంది, సైకిల్ చైన్‌రింగ్ సైజే కాబట్టి కింద నేలకి తగలదు, పక్కన ఫ్రేమ్‌కి తగలకుండా మాత్రం ముందే కొలుచుకోవాలి.

చిన్న స్ప్రాకెట్ ఎంత చిన్నదైతే అంత రిడక్షన్ వస్తుంది కదా అని 9 పళ్ళది వేసేస్తుంటారు, ఇది కచ్చితంగా మానుకోవాల్సిన కక్కుర్తి. చైన్ స్ప్రాకెట్ మీద గుండ్రంగా తిరగదు, పళ్ళు ఎన్ని ఉంటే అన్ని మూలలున్న పలకలాగా తిరుగుతుంది, కాబట్టి మోటార్ ఒకే స్పీడ్‌లో ఉన్నా చైన్ స్పీడ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 9 పళ్ళకి ఈ ఊగిసలాట 6 శాతం, 12 పళ్ళకి మూడున్నర, 17 పళ్ళకి 2 శాతం లోపే. వినడానికి చిన్న నంబర్లే గానీ సెకనుకి డజన్ల కొద్దీ పళ్ళు దాటుతుంటాయి, ఆ కుదుపే గరగరమనే చప్పుడుగా వినిపిస్తుంది, ఆ కుదుపే చైన్‌ని, బేరింగ్‌ని తినేస్తుంది.

ఈ రిడక్షన్ లెక్కలో ఇంకో మెలిక ఉంది, బ్యాటరీ వోల్టేజ్ స్థిరంగా ఉండదు. 36 వోల్ట్స్ అని పిలిచే లిథియం అయాన్ ప్యాక్‌లో పది సెల్స్ సిరీస్‌లో ఉంటాయి, ఫుల్ ఛార్జ్‌లో ఒక్కోటి 4.2 చొప్పున 42 వోల్ట్స్, అయిపోయే ముందు 32 దగ్గరికి వస్తుంది. పై మోటార్‌కే లెక్క వేస్తే ఛార్జ్ నిండుగా ఉన్నప్పుడు క్రాంక్ 90 చుట్లకి దగ్గరగా తిరుగుతుంది, చివర్లో 68కి పడిపోతుంది. క్రాంక్ 90కి మించి తిరిగేలా రిడక్షన్ పెట్టుకుంటే పొద్దున కాళ్ళు క్రాంక్‌ని అందుకోలేవు, మోటార్ ఒక్కటే లాగుతుంటే పెడల్ ఖాళీగా తిరుగుతుంది, సాయంత్రం అయ్యేసరికి మాత్రం అంతా బాగుంటుంది, ఏమైందో అర్థం కాక మోటార్‌కి కరెంట్ అందించే కంట్రోలర్‌ని మారుస్తుంటారు.

ఫ్రీవీల్స్, అంటే ఒక దిక్కులో పట్టి రెండో దిక్కులో జారే చక్రాలు, వాటి విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మొదటి ప్రయత్నంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వెనక చక్రంలో ఎలాగూ ఒకటి ఉంటుంది, అది చాలదు. మోటార్ తిరుగుతున్నప్పుడు కాళ్ళు ఆపితే పెడల్స్ ఆగాలి, లేకపోతే పెడల్ వచ్చి మోకాలి కింద ఎముకకి తగులుతుంది, ఆ దెబ్బ తగిలిన మనిషి ఇంక మర్చిపోడు. కాబట్టి క్రాంక్‌కి, స్ప్రాకెట్లకి మధ్య ఒక ఫ్రీవీల్ ఉండాలి. అలాగే మోటార్ ఆపేసి ఉత్తినే తొక్కుతున్నప్పుడు గేర్‌బాక్స్‌తో సహా మోటార్‌ని కూడా కాళ్ళతో తిప్పాల్సి రాకూడదు, దానికోసం మోటార్ వైపు ఇంకొకటి. క్రాంక్‌లో వేసేది మామూలు చవక ఫ్రీవీల్ అయితే కుదరదు. వెనక చక్రంలో ఫ్రీవీల్ పని చేసేది తొక్కడం ఆపినప్పుడే, క్రాంక్‌లో మాత్రం మోటార్ మీద వెళ్ళినంతసేపూ పెద్ద స్ప్రాకెట్ బరువు మోస్తూ తిరుగుతూనే ఉంటుంది, వదులు బేరింగ్ ఉంటే స్ప్రాకెట్ అటూ ఇటూ ఊగి చైన్ పడిపోతుంది. సీల్డ్ బేరింగ్ ఉన్న ట్రయల్స్ సైకిళ్ళ ఫ్రీవీల్ ఇందుకే వాడతారు, అది ముందు క్రాంక్ మీద తిరగడానికే పుట్టింది.

మోటార్‌ని ఎడమ వైపు పెట్టాలనుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. మామూలు ఫ్రీవీల్‌ని తీసుకెళ్ళి ఎడమ వైపు బిగిస్తే అది తిరగబడినట్టే, లాగాల్సిన దిక్కులో జారిపోతుంది, జారాల్సిన దిక్కులో పట్టేస్తుంది. ఎడమ వైపు డ్రైవ్ కోసమే చేసిన ఫ్రీవీల్ కావాలి. క్రాంక్ ఇరుసుని మోసే బాటమ్ బ్రాకెట్ విప్పేటప్పుడు కూడా ఇలాంటి తికమకే, ఇంగ్లిష్ థ్రెడ్ ఉన్న ఫ్రేముల్లో చైన్ వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, మామూలు నట్టు విప్పినట్టు విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది, పైపు తగిలించి బలం చూపిస్తే ఫ్రేమ్ మరలే పోతాయి.

ఇక మోటార్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్. క్రాంక్ దగ్గర 60 న్యూటన్ మీటర్లు ఇవ్వాలంటే ఆ 18 సెంటీమీటర్ల స్ప్రాకెట్ మీద చైన్ 650 న్యూటన్ల బలంతో లాగాలి, అంటే 66 కిలోల మనిషి ఆ చైన్ పట్టుకుని వేలాడుతున్నట్టు. ఆ బరువంతా మోటార్‌ని క్రాంక్ వైపు లాగుతుంది, అదీ సెంటర్‌లో కాదు, ఒక పక్కన బయటికి పొడుచుకు వచ్చిన షాఫ్ట్ దగ్గర, కాబట్టి బ్రాకెట్ వంగడమే కాదు మెలి తిరుగుతుంది. దీన్ని కళ్ళతో చూడొచ్చు. వెనక బ్రేక్ గట్టిగా పట్టి, థ్రాటిల్‌ని అర సెకను మాత్రం కొద్దిగా తిప్పి, పక్కన ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఖాళీగా ఉన్నప్పుడు నిటారుగా ఉన్న మోటార్ ఒక్కసారి క్రాంక్ వైపు తలవంచి మళ్ళీ లేస్తుంది, ఆ తలవంచినప్పుడు చైన్ వదులై చిన్న స్ప్రాకెట్ మీద ఒక పన్ను ఎక్కి దిగుతుంది. చైన్ టైట్ చేస్తే సరిపోతుంది అనుకుంటారు, సరిపోదు, రెండు మిల్లీమీటర్లు వంగే బ్రాకెట్‌కి ఎంత టైట్ చేసినా లోడ్ పడగానే మళ్ళీ వదులే. మోటార్‌కి రెండు చివరలా సపోర్ట్ ఇచ్చి, ఫ్రేమ్‌ని కనీసం రెండు చోట్ల పట్టుకునేలా చేయాలి, ఒకటి హ్యాండిల్ వైపు నుంచి క్రాంక్ దాకా దిగే డౌన్ ట్యూబ్ మీద, ఇంకొకటి బాటమ్ బ్రాకెట్ కప్పు కింద ప్లేట్ ఇరికించి. చైన్ టెన్షనర్ వేసేది ఉంటే వదులుగా ఉండే వైపే వేయాలి, లాగే వైపు వేస్తే ఆ 650 న్యూటన్లూ దాని మీదకే వస్తాయి.

ఫ్రేమ్‌కి చిల్లులు మాత్రం పెట్టొద్దు. మంచి ఫ్రేముల్లో ట్యూబ్ చివర్లలో మందంగా, మధ్యలో మిల్లీమీటర్ లోపు పల్చగా ఉంటుంది, అక్కడ చిల్లు పెడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అల్యూమినియం ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేయడం ఇంకా తప్పు, ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చి తెచ్చిన గట్టిదనం వెల్డింగ్ వేడికి పోతుంది, చూడ్డానికి అతుకు బాగుంటుంది, పక్కన మెటల్ మెత్తబడి ఉంటుంది. రబ్బర్ షీట్ వేసి క్లాంపులు బిగించడమే నయం.

బ్యాటరీ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రాకెట్ తప్పు చేస్తే చైన్ పడుతుంది, బ్యాటరీ తప్పు చేస్తే ఇల్లు అంటుకుంటుంది, రెండూ ఒకే రకం ప్రయోగాలు కావు. నాలుగు ప్యారలల్, పది సిరీస్, 3 ఆంప్ అవర్ 18650 సెల్స్ 40 కలిపితే 12 ఆంప్ అవర్లు, 432 వాట్ అవర్లు, ఈ సైజ్ సైకిల్‌కి చక్కగా సరిపోతుంది. సెల్స్‌ని నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేయాలి, సోల్డరింగ్ ఐరన్ పెట్టి సెల్‌ని కాల్చడం వల్ల లోపల సీల్, సెపరేటర్ పాడవుతాయి, ఆ రోజు ఏమీ కనపడదు. ఇంతకుముందు చేసిన అనుభవం లేనివాళ్ళు మొదటి సైకిల్‌కి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఉన్న రెడీమేడ్ ప్యాక్, దానికి సరిపడే ఛార్జర్ కొనుక్కోవడమే మంచిది, మిగతా అంతా ఇంట్లో చేసుకోండి. ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ వైర్ మీద ప్యాక్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి, కంట్రోలర్ దగ్గర పెడితే మధ్యలో వైర్ ఫ్రేమ్‌కి రాసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజ్ ఉండీ లేనట్టే. కనెక్టర్ తగిలించినప్పుడు టప్‌మని వచ్చే నిప్పురవ్వ కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల, రోజూ అదే పని చేస్తే కనెక్టర్ పిన్నులు నల్లబడి గుంటలు పడతాయి, రెసిస్టర్ ఉన్న యాంటీ స్పార్క్ కనెక్టర్ వాడితే ఆ గొడవ పోతుంది.

వైరింగ్‌లో మోటార్‌కి మూడు లావు ఫేజ్ వైర్లు, మోటార్ ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్లకి ఐదు సన్న వైర్లు. రంగులు కలిపేసి పని అయిపోయింది అనుకోకూడదు, రంగులు కంపెనీకో రకం. హాల్ వైర్లు కదపకుండా ఫేజ్ వైర్లని మార్చి చూస్తే ఆరు రకాలుగా కలపొచ్చు, అందులో సరైనది తిరగడాన్ని బట్టే కాదు కరెంట్‌ని బట్టి తెలుస్తుంది. తప్పు కలయికలో కూడా కొన్నిసార్లు మోటార్ తిరుగుతుంది, కాకపోతే మూలుగుతూ, లోడ్ లేకపోయినా ఎక్కువ ఆంప్స్ తాగుతూ. అది గమనించకుండా రోడ్డెక్కితే పది నిమిషాల్లో కంట్రోలర్ పోతుంది.

బ్రేక్ లీవర్‌లో, అది నొక్కగానే మోటార్‌ని ఆపే కటాఫ్ స్విచ్ తప్పనిసరి, దాన్ని ఎక్స్‌ట్రా సామానులాగా చూడకూడదు. మిడ్ డ్రైవ్‌లో అదే స్విచ్ ఇంకో పనికి కూడా వస్తుంది. మనిషి గేర్ మార్చేటప్పుడు తెలియకుండానే కాలు కాస్త తేలిక చేస్తాడు, మోటార్‌కి ఆ ఇంగితం ఉండదు, చైన్ ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి దాటుతున్న ఆ క్షణంలో కూడా ఫుల్లుగా లాగుతుంది, టక్‌మని చప్పుడొస్తుంది, అలాంటివి కొన్ని పడ్డాక చైన్ పిన్ను దగ్గర తెగుతుంది. 80 కిలోల మనిషి పెడల్ మీద నిలబడితే 17 సెంటీమీటర్ల క్రాంక్‌కి 133 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది కదా, మోటార్ 60తో చైన్ తెగడం ఏంటి అని అడగొచ్చు. మనిషిది క్రాంక్ అడ్డంగా ఉన్న క్షణంలో వచ్చే గరిష్ఠం, మోటార్‌ది ఆగకుండా ఉండేది, పైగా మనిషి బలానికి అదనంగా కలిసేది. బ్రేక్ లీవర్ కొద్దిగా నొక్కి కటాఫ్ పడగానే గేర్ మార్చి వదలడం అలవాటు చేసుకుంటే చైన్ ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది, కేబుల్ కదలికని పట్టే గేర్ సెన్సర్ పెడితే ఆ పని దానంతట అదే జరుగుతుంది.

టెస్టింగ్ అంటే చాలామందికి టాప్ స్పీడ్ ఎంత వచ్చింది అన్నదే. నిజానికి టాప్ స్పీడ్ అన్నిటికంటే తక్కువ సమాచారం ఇచ్చే నంబర్. చదును రోడ్డు మీద 25 కిలోమీటర్ల స్పీడ్‌కి ఈ 100 కిలోల బండికి గాలి 110 వాట్స్, టైర్లు 48, మొత్తం 160 లోపు కావాలి. 35కి వెళ్తే గాలి ఒక్కటే 300 అడుగుతుంది, మొత్తం 370. మోటార్, గేర్లు కలిపి 75 శాతం ఎఫిషియెన్సీ వేసుకుని, తొక్కకుండా వెళ్తే, 25 దగ్గర కిలోమీటర్‌కి ఎనిమిదిన్నర వాట్ అవర్లు, 35 దగ్గర 14. అదే 432 వాట్ అవర్ల ప్యాక్‌లో 85 శాతం వాడితే ఒక చోట 43 కిలోమీటర్లు, ఇంకో చోట 26. ఆపాల్సిన శక్తి కూడా దాదాపు డబుల్ అవుతుంది, సైకిల్ బ్రేకులు మాత్రం అవే పాత బ్రేకులు.

వరస ఇలా ఉంటే బాగుంటుంది. ముందు చైన్ తగిలించకుండా మోటార్ ఒక్కటే, తర్వాత వెనక చక్రం పైకి లేపి స్టాండ్ మీద అన్ని గేర్లలో, కటాఫ్ పని చేస్తుందో లేదో అక్కడే తేలాలి, థ్రాటిల్ వైర్ ఊడితే మోటార్ ఆగుతుందా పరిగెడుతుందా కూడా అక్కడే చూడాలి. తర్వాత కరెంట్ లిమిట్ సగానికి తగ్గించి ఖాళీ చదును చోట. ఒకే రోడ్డులో వెళ్ళి రావాలి, ఒక వైపు మాత్రమే తీసిన రీడింగ్‌లో గాలి, కంటికి కనపడని ఏటవాలు కలిసిపోతాయి. ఇదంతా ఫుల్ ఛార్జ్‌లో ఒకసారి, పావు ఛార్జ్‌లో ఒకసారి.

ఎత్తు మీద చేసే టెస్టే అసలైనది. బ్యాటరీ దగ్గర పెట్టిన వాట్ మీటర్ ఇక్కడ మోసం చేస్తుంది, ఇది తెలుసుకోవాలి. మీటర్ చూపించేది బ్యాటరీ కరెంట్, మోటార్ మెల్లగా తిరుగుతున్నప్పుడు కంట్రోలర్ వోల్టేజ్ తగ్గించి ఆ మేరకు కరెంట్ పెంచి మోటార్‌కి ఇస్తుంది, కాబట్టి మీటర్‌లో 12 ఆంప్స్ కనపడుతున్నప్పుడు వైండింగ్‌లో 30 పారుతుండొచ్చు. వేడిని కొలవాలంటే వేడినే కొలవాలి, 10 కిలో ఓమ్స్ ఎన్‌టీసీ (వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే) సెన్సర్ ఒకటి వైండింగ్‌కి అంటించి వైర్ బయటికి తీస్తే చాలు. పై కేసింగ్ మీద చెయ్యి పెట్టి చూడడం ఆలస్యంగా తెలిసే కబురు, లోపల వంద దాటాక బయట చెయ్యి కాలుతుంది. మామూలు గ్రేడ్ నియోడిమియం మ్యాగ్నెట్లు 80 డిగ్రీలు దాటితే శక్తి పోగొట్టుకోవడం మొదలవుతుంది, చల్లారినా ఆ పోయింది తిరిగి రాదు, ఆ తర్వాత అదే టార్క్‌కి ఇంకా ఎక్కువ కరెంట్, ఇంకా ఎక్కువ వేడి. ఒకే ఎత్తు, ఒకే మనిషి, ఒకసారి వెనక 11 పళ్ళ గేర్‌లో, మోటార్ పూర్తిగా చల్లారాక ఇంకోసారి 32 పళ్ళ గేర్‌లో ఎక్కించి, పైకి చేరగానే సెన్సర్ రీడింగ్ రాసుకుంటే మొదట్లో చెప్పిన వేడి తేడా కాగితం మీద కనపడుతుంది. 32 పళ్ళ గేర్‌లో ఎక్కువసేపు పట్టింది, అయినా వేడి తక్కువ.

రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ టూల్స్ తీయాలి. సైకిల్ చైన్‌ని ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే కొత్తదానికి 12 అంగుళాల దగ్గర కచ్చితంగా ఇంకో పిన్ను మధ్య భాగం వస్తుంది, అది అంగుళంలో పదహారో వంతు జరిగితే అర శాతం సాగినట్టు, అప్పుడే చైన్ మారిస్తే వెనక గేర్లు మిగులుతాయి, లేకపోతే రెండూ కలిపి కొనాలి. బోల్టులన్నిటికీ బిగించిన రోజే తల మీద నుంచి బ్రాకెట్ ప్లేట్ మీదకి ఒక తెల్ల పెయింట్ గీత గీసి ఉంచితే ఇప్పుడు స్పానర్ కూడా అక్కర్లేదు, టార్చ్ వేసి చూస్తే గీత ఎక్కడ విరిగిందో ఆ బోల్ట్ తిరిగింది, ముందుగా చూడాల్సింది చైన్ లాగే వైపు ఉన్న వాటినే.